డాక్టరు థామస్ బాండు – మృతుల సాక్ష్యము

వైద్యుడు అనగానే మనకు స్ఫురించేది రోగి మంచము ప్రక్కన కూర్చుండి నాడి చూచే మూర్తి. వైద్యునికి మరొక విధి కూడ కలదు. ఊరి చివర కాలువలో ఒక శవము తేలినప్పుడు పోలీసులు నలుగురు పెద్దమనుషులను పిలిచి శవపంచాయతీ జరుపుతారు. పిదప దేహమును ఆసుపత్రికి పంపుతారు. అక్కడ వైద్యుని ప్రశ్నలకు జవాబు చెప్పే రోగి ఉండడు. ఈ మరణము ఎట్లు కలిగినది, ఎప్పుడు కలిగినది, ఎవరి చేతి వలన కలిగినది అన్న మూడు ప్రశ్నలు మాత్రము ఉంటవి. మొదటి రెండింటికి శాస్త్రము కొంత సమాధానము చెప్పగలదు. మూడవదానికి ఎంతవరకు చెప్పగలదు? ఈ ప్రశ్న అమలాపురములోనైనను లండనులోనైనను ఒక్కటే. దానిని జీవితాంతము ఎదుర్కొన్న ఒక ఆంగ్ల వైద్యుని చరిత్ర ఇది.

1888వ సంవత్సరములో లండను నగరపు తూర్పు పేటలలో నిరుపేద స్త్రీలను వరుసగా హతమార్చి, ఎవరికిని చిక్కక మాయమైన హంతకుని లోకము జాక్ ది రిప్పర్ అని పిలిచినది. వాని అసలు పేరు నేటికిని తేలలేదు. వానిని గురించి పుస్తకములు పుంఖానుపుంఖములుగా వచ్చినవి. ఆ శవములను పరిశీలించి, తమకు తోచినది కాగితము మీద పెట్టిన వైద్యుల సంగతి మాత్రము చాలవరకు మరుగున పడినది. వారిలో ముఖ్యుడు డాక్టరు థామస్ బాండు. హత్యానేరముల విచారణలో సాక్షిగా ఆయన పేరు ఆ కాలపు ఇంగ్లండులో సుప్రసిద్ధము.

బాండు 1841 అక్టోబరు 7వ తేదీన ఇంగ్లండు నైరుతి భాగమందలి సోమర్సెట్ సీమలో జన్మించినారు. అది పచ్చిక బయళ్ళకు పేరుపడిన పల్లె ప్రాంతము. పట్టణవాసము ఎన్నేండ్లు చేసినను గుఱ్ఱపుస్వారి మీద, వేట మీద ఆయనకు మక్కువ తగ్గలేదు. వైద్యవిద్యలో ఓనమాలు ఆయనకు సౌతాంప్టనులో వైద్యుడుగా నున్న మేనమామ వద్ద అబ్బినవి. తరువాత లండనులోని కింగ్సు కళాశాలలోను, దాని ఆసుపత్రిలోను చదివినారు. 1864లో శస్త్రవైద్యుల రాజకళాశాలలో సభ్యుడైనారు. 1865లో లండను విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టమును, దానితోపాటు స్వర్ణపతకమును పొందినారు.

పట్టము పుచ్చుకొన్న యువకుడు వెంటనే బల్ల వేసుకొని రోగులకొరకు ఎదురుచూడలేదు. 1866లో ప్రష్యాకును ఆస్ట్రియాకును యుద్ధము వచ్చినది. బాండు ప్రష్యా సైన్యములో చేరి, అక్కడ చెలరేగిన కలరాను కన్నులారా చూచినారు. ఆస్ట్రియా సేనల నడుమగా ఇటలీకి అధికార లేఖలను మోసుకొనిపోయే సాహసకార్యము కూడ చేసినారు. అప్పటికి ఆయన వయస్సు 24 ఏండ్లు. అపాయమునకు వెరవని ఈ గుణమే తరువాతి కాలములో న్యాయస్థానములందు నిస్సంకోచముగా మాటాడే ధైర్యముగా పరిణమించినదేమో.

1867లో ఆయన లండనుకు తిరిగివచ్చి వెస్ట్‌మినిస్టరు ప్రాంతములో వైద్యవృత్తి ఆరంభించినారు. ఆ యేడే నగర పోలీసులో ఏ విభాగమునకు వైద్యుడుగా నియమితులైనారు. 1873లో వెస్ట్‌మినిస్టరు ఆసుపత్రిలో సహాయ శస్త్రవైద్యుడైనారు. 1895లో పూర్తి శస్త్రవైద్యుని పదవి లభించినది. వైద్య న్యాయశాస్త్రమును విద్యార్థులకు బోధించినారు. రైలు ప్రమాదములలో తగిలిన గాయములను గూర్చి ఆయన మాటకు ప్రత్యేకమైన విలువ ఉండేది. రైలు కంపెనీలు నష్టపరిహారపు వ్యాజ్యములలో ఆయన సలహా కోరేవి. దెబ్బ నిజమైనదా, నటన కలిసినదా అని తేల్చుట ఆయనకు నిత్యకృత్యమైనది.

శవపరీక్ష ఏమి చేయగలదో తెలుపుటకు ఆయన పాల్గొన్న రెండు కేసులు చాలు. 1879లో లండను సమీపమందలి రిచ్‌మండులో జూలియా మార్తా థామస్ అనే వితంతువును ఆమె పనిమనిషి కేట్ వెబ్‌స్టర్ చంపి, దేహమును ఖండించి, ఉడికించి, పెట్టెలో పెట్టి థేమ్సు నదిలో పారవేసినది. ఆ పెట్టె ఒడ్డున దొరికినప్పుడు మొదట చూచిన వైద్యుడు అది ఎవరో పడుచుపిల్ల దేహమని పొరబడినాడు. పిదప బాండు మొదలైన వైద్యుల పరిశీలన న్యాయస్థానమునకు తోడ్పడినది. వెబ్‌స్టరు ఆ యేడు జూలై 29న ఉరితీయబడినది. కాని తల మాత్రము దొరకలేదు. 131 సంవత్సరములు గడిచిన పిదప, 2010లో, రిచ్‌మండులోనే ఒక ఇంటి తోటలో తవ్వుచుండగా ఒక పుఱ్ఱె బయటపడినది. ఎముక వయస్సును, దాని మీది పగుళ్ళను, ఉడికించుట వలన కలిగిన మార్పును పరీక్షించి, అది జూలియా థామస్ తలయే అని 2011లో కరోనరు, అనగా అనుమానపు మరణములను విచారించే అధికారి, నిర్ణయించినాడు. శవము చెప్పే సాక్ష్యము ఎంతకాలమైనను ఓపికతో వేచియుండగలదనుటకు ఇది నిదర్శనము.

రెండవది 1881 డిసెంబరులో జరిగినది. జార్జి హెన్రీ లామ్సన్ అనే వైద్యుడే ఆస్తికి ఆశపడి, నడవలేని తన బావమరిదికి, 18 ఏండ్ల పెర్సీ జాన్‌కు, పాఠశాలలోనే విషము పెట్టినాడు. ఆ విషము మన పల్లెలలో వసనాభి అని పిలిచే మొక్క జాతికి చెందినది. శవపరీక్షలో పాల్గొన్న బాండు, సహజ మరణమునకు తగిన కారణమేదియు దేహములో కనిపించలేదని తేల్చినారు. విషమును కనిపెట్టే భారము రసాయన పరీక్షకుడైన థామస్ స్టీవెన్‌సన్ మీద పడినది. ఆయన దేహమునుండి తీసిన సారమును తన నాలుక మీద వేసుకొని రుచి చూచి, చుంచులకు ఎక్కించి, విషమును నిరూపించినారు. ఎవరి హద్దులో వారు నిలిచినారు. అందువలననే సాక్ష్యము నిలిచినది. 1882 ఏప్రిలులో లామ్సన్‌కు ఉరిశిక్ష అమలు జరిగినది.

ఇట్టి అనుభవము గల వైద్యుని ముందుకు 1888లో ఒక చిక్కుముడి వచ్చినది.

లండను తూర్పు పేటలలో వైట్‌చాపెల్ ఒకటి. రాత్రికి నాలుగు పెన్నీలు ఇచ్చినవారికి సత్రములో పడక, ఇవ్వలేనివారికి వీధి. అట్టివారిలో మేరీ ఆన్ నికొల్స్ ఆగస్టు 31న, ఆన్నీ చాప్‌మన్ సెప్టెంబరు 8న, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడ్డోస్ సెప్టెంబరు 30న ఒకే రాత్రి, మేరీ జేన్ కెల్లీ నవంబరు 9న హతులైనారు. మొదటి నలుగురు నలభై ఏండ్లు దాటినవారు. ఒకప్పుడు సంసారము చేసినవారు. మద్యము, దారిద్ర్యము, విడిపోయిన కాపురములు వారిని వీధిన పడవేసినవి. అంతకు ఏడేండ్ల ముందు, 1881లో, మన రాజమహేంద్రవరములో వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినారు. నిలువ నీడలేని స్త్రీకి సమాజమేమి చేయవలెనన్న ప్రశ్న గోదావరి తీరమున ఒక విధముగాను, థేమ్సు తీరమున మరొక విధముగాను ఆనాడు నిలిచియున్నది.

ఆ శవములను చూచిన వైద్యులు ఒక్కరు కాదు. నికొల్స్ దేహమును వీధిలో దీపపు వెలుగున చూచిన డాక్టరు ల్యూలిన్ మెడ మీది గాయములు మాత్రమే గుర్తించినారు. కడుపు మీది గాయములు శవశాలలో ఒక పోలీసు అధికారి కంటబడినవి. ఆ శవశాల ఒక మామూలు కొట్టము. వైద్యుడు తిరిగి వచ్చులోపల అనాథాశ్రమపు మనుషులు దేహమునుండి బట్టలు తీసి కడిగివేసినారు. చాప్‌మన్ విషయములోను అదే జరిగినది. అక్కడి పోలీసు వైద్యుడు డాక్టరు జార్జి బాగ్‌స్టర్ ఫిలిప్స్ ఇది చూచి తీవ్రముగా ఆక్షేపించినారు. ఆయన బాధ న్యాయమైనది. బట్టల మీది నెత్తురు మరకల తీరును, దేహము మీది మట్టిని ఒకమారు కడిగివేసిన పిదప ఏ మహావైద్యుడును తిరిగి చూడలేడు. మనము ఈనాడు చదివే సాక్ష్యములో కొంత భాగము ఆ నీళ్ళతోనే కొట్టుకొనిపోయినది.

వైద్యుల మధ్య వివాదము ఎక్కడ పుట్టినదనగా, హంతకునికి శరీరశాస్త్రము తెలియునా తెలియదా అన్నచోట. చాప్‌మన్ దేహమునుండి ఒక అవయవము తీసుకొనిపోబడినది. ఆ కోత తీరు చూచి, ఇది శరీర నిర్మాణము తెలిసినవాని పని అని ఫిలిప్స్ అభిప్రాయపడినారు. తన చేతికే ఆ పని పావుగంటకు తక్కువ పట్టదని ఆయన లెక్క. ఎడ్డోస్ దేహమును పరీక్షించిన డాక్టరు గోర్డన్ బ్రౌన్, అవయవముల స్థానము తెలిసినవాడే ఇది చేసినాడనియు, జంతువులను కోసే అలవాటు గలవానికి కూడ ఆ తెలివి ఉండవచ్చుననియు చెప్పినారు. ఆమె దేహమును బ్రౌన్ కంటె ముందే చూచిన డాక్టరు సెక్వీరా, ఇందులో గొప్ప నేర్పేమియు లేదన్నారు. ఒకే శవము, కనులు వేరు, తీర్పులు వేరు.

ఎడ్డోస్ మరణించిన చౌకులో కానిస్టేబులు ఒకడు రాత్రి 1 గంట 30 నిమిషములకు తిరిగిపోయినప్పుడు ఎవరును లేరు. 1 గంట 44 నిమిషములకు మరల వచ్చునప్పటికి శవమున్నది. ఆ 14 నిమిషములు కూడ ఇరుపక్షముల వారికిని ఆధారమైనవి. అంత వేగముగా చీకటిలో పని ముగించినవాడు నేర్పరియే అని ఒకరు, అంత తొందరలో జరిగినది నేర్పు కాదు విచక్షణలేని కోత అని మరొకరు వాదించినారు.

ఈ చర్చ వైద్యుల గదిలో ఆగలేదు. కరోనరు విన్ బాక్‌స్టర్, వైద్య విద్యాలయపు ప్రదర్శనశాలనుండి అవయవములు సేకరించగోరిన ఒక విదేశీయుని కథను బహిరంగముగా ప్రస్తావించినాడు. వైద్య పత్రికలు దానిని తోసిపుచ్చినవి. అయినను ఊరిలో నల్లసంచి చేతబట్టిన ప్రతి మనిషి మీదను చూపులు పడినవి. మతి చలించిన వైద్య విద్యార్థుల ఆచూకి పోలీసులు తీసినారు. ఒక పదము, ఒక ఊహ, ఒక వృత్తి మొత్తమును అనుమానపు నీడలోకి నెట్టినది.

అప్పుడు, 1888 అక్టోబరు 25న, పోలీసు ఉన్నతాధికారి రాబర్టు ఆండర్సన్ బాండుకు లేఖ వ్రాసినాడు. హంతకునికి ఉండిన శస్త్రజ్ఞానమెంత అన్న విషయమై స్పష్టమైన అభిప్రాయము కావలెనని కోరి, సంబంధించిన కాగితములు పంపినాడు. బాండు రెండు వారములు ఆ కాగితములతో గడిపినారు. ఇంతలో నవంబరు 9వ తేదీ వచ్చినది. ఆనాటి ఉదయము 10 గంటల 45 నిమిషములకు డార్సెట్ వీధిలోని ఒక చిన్న గదిలో మేరీ కెల్లీ శవము కనబడినది. మధ్యాహ్నము రెండు గంటలకు బాండు ఆ గదిలో ప్రవేశించినారు. అక్కడ చూచినది ఆయన పూర్తిగా వ్రాసిపెట్టినారు. మనము మరల వర్ణించవలసిన అవసరము లేదు. మరునాడు నవంబరు 10న తన నివేదికను పంపినారు.

ఆ నివేదిక సారాంశమిది. అయిదు హత్యలును ఒక్కని చేతి పని. ఆయుధము మొనదేలిన, మిక్కిలి పదునైన, కనీసము ఆరు అంగుళముల పొడవుగల బలమైన కత్తి. హంతకునికి శరీరశాస్త్ర జ్ఞానము లేదు. కసాయివానికి ఉండేపాటి తెలివి సైతము కనిపించదు. వాడు దేహబలము, నిబ్బరము, తెగువ గలవాడు. అయినను చూపులకు సాధువుగా, మధ్యవయస్కుడుగా, శుభ్రమైన దుస్తులతో ఉండవచ్చును. ఒంటరివాడు, వింత అలవాట్లవాడు, స్థిరమైన ఉద్యోగము లేక ఏదో చిన్న రాబడితో బ్రతికేవాడు కావచ్చును. శవమును చూచి, చంపినవాని స్వభావమును ఊహించి చిత్రించిన ఇటువంటి పత్రములలో ఇదియే తొలిది అని నేర పరిశోధన చరిత్రకారులు పలువురు లెక్కింతురు. నేడు పలు దేశముల పోలీసులు నేరస్థుని స్వరూపచిత్రణ అని ప్రత్యేక శాస్త్రముగా సాధన చేసేదానికి ఇది నాంది.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి నిదానముగా గమనించవలెను. ఈ అయిదుగురిలో బాండు తన కంటితో చూచినది చివరి శవము ఒక్కటే. తక్కిన నలుగురి విషయము ఇతర వైద్యుల కాగితములలో చదివినదే. ఆయన ఈ సంగతిని దాచలేదు. నివేదిక మొదటనే తెలిపినారు. కాని తరువాతి వారు ఆ మొదటి పంక్తిని మరచి, చివరి పంక్తులనే పట్టుకొన్నారు. శవములను స్వయముగా చూచిన ఫిలిప్స్, బ్రౌన్ కొంత జ్ఞానము కలదన్నారు. అధికభాగము కాగితముల మీద చూచిన బాండు లేదన్నారు. తన వృత్తి మీద పడిన నింద తుడుచుటకే ఆయన అట్లు వ్రాసినారని తరువాత కొందరు అనుమానించినారు. దానికి రుజువేమియు లేదు. ఒకటి మాత్రము న్యాయముగా చెప్పవలెను. మేరీ కెల్లీ దేహమును చూచినవానికి నేర్పు కనిపించకపోవుట సహజము. ఒక శవములో కనిపించనిది మరొక శవములోను లేదని తేల్చుటలోనే చిక్కు ఉన్నది.

మరణ సమయమును గూర్చిన చర్చ ఇంతకంటె బోధప్రదము. ప్రాణము పోయిన కొన్ని గంటలకు దేహము కట్టెబారుతుంది, క్రమముగా చల్లబడుతుంది. బాండు వచ్చునప్పటికి కెల్లీ దేహము చల్లబడియున్నది. కట్టెబారుట మొదలై, పరీక్ష జరుగుచుండగానే హెచ్చుచున్నది. కడుపులో కొద్ది సమయము క్రిందట తిన్న ఆహారపు శేషమున్నది. వీనినిబట్టి ఆమె రాత్రి ఒంటిగంట, రెండు గంటల ప్రాంతమున మరణించియుండునని ఆయన అంచనా. కాని ఇరుగుపొరుగు స్త్రీలు ఇద్దరు తెల్లవారుజామున నాలుగు గంటల వేళ ఒక కేక విన్నామన్నారు. మరొకామె ఉదయము ఎనిమిది గంటల తరువాత కెల్లీని సజీవముగా చూచినానని ప్రమాణము చేసి చెప్పినది. ఎవరిని నమ్మవలెను?

చాప్‌మన్ విషయములోను ఇదే తంటా. ఉదయము 6 గంటల 30 నిమిషములకు చూచిన ఫిలిప్స్, ఆమె చనిపోయి రెండు గంటలకు తక్కువ కాలేదన్నారు. అయితే ఆ పెరటి మెట్ల మీద 4 గంటల 45 నిమిషముల వేళ కూర్చుండి చెప్పు సరిచేసికొన్న ఒక మనిషి శవమేదియు చూడలేదు. మరొక స్త్రీ 5 గంటల 30 నిమిషముల వేళ చాప్‌మన్‌ను ఒక పురుషునితో చూచినానన్నది. ఫిలిప్స్ తన అంచనాకు ఒక మినహాయింపు జోడించినారు: ఆనాటి తెల్లవారుజాము చల్లగా ఉన్నది, నెత్తురు చాల పోయినది, కనుక దేహము త్వరగా చల్లబడియుండవచ్చును. ఆ మినహాయింపును ఆధారము చేసికొనియే కరోనరు సాక్షుల మాటకు మొగ్గినాడు. శాస్త్రజ్ఞుడు తన మాటకు తానే గీచిన ఆ హద్దు, న్యాయమునకు దారి విడిచినది.

ఈ విషయము మన ప్రాంతమువారికి సులభముగా బోధపడుతుంది. శీతల దేశములలో కట్టెబారుట నెమ్మదిగా మొదలై రెండు మూడు దినముల వరకు నిలుస్తుంది. మన దేశమున అది ఒకటి రెండు గంటలలోనే మొదలగును. వేసవిలో 18 నుండి 36 గంటలలోపల సడలిపోవచ్చును. గోదావరి పాయల నడుమ కొబ్బరితోటల ఉక్కలో, కాలువ నీటిలో నానిన దేహమునకు లండను చలిగదిలోని లెక్క పనికిరాదు. నార్మన్ చెవర్స్ 1856లో వంగదేశమునకు ప్రత్యేకముగా వైద్య న్యాయశాస్త్ర గ్రంథము వ్రాయుటకును, జైసింగ్ మోడీ 1920లో భారతదేశమునకు అట్టి గ్రంథము వెలువరించుటకును ఈ తేడాలే ఒక కారణము. దేశకాలములు తెలియక కొలబద్ద పట్టినవాడు తప్పక పొరబడును.

అదే కాలమున బాండు చేసిన మరొక పని ఆయన నేర్పునకు నిజమైన తార్కాణము. 1888 అక్టోబరు 2న, థేమ్సు ఒడ్డున కట్టుచుండిన నూతన పోలీసు ప్రధాన కార్యాలయపు నేలమాళిగలోనే ఒక స్త్రీ మొండెము దొరికినది. పోలీసులను వెక్కిరించినట్లుండిన ఈ ఘటనలో బాండు, ఆయన సహాయకుడు డాక్టరు హెబర్టు కలిసి, సెప్టెంబరులో నదిలో దొరికిన ఒక చేయి ఈ మొండెమునకు చెందినదేనని కోతలను సరిపోల్చి నిరూపించినారు. ఆమె ఎవరో, ఆమెను చంపినవాడెవడో నేటికిని తెలియదు. అయినను ఆ చేయి ఆ దేహముదే అన్న మాటను ఎవరును కాదనలేదు. కంటి ముందున్న రెండు వస్తువులను సరిపోల్చి చెప్పిన మాటకును, కంటికి కానని మనిషి మనస్సును ఊహించి చెప్పిన మాటకును బలములో ఎంత తేడా ఉన్నదో ఇక్కడ తేటతెల్లమవుతుంది.

బాండు జీవితములో ఒక మచ్చను కూడ దాచరాదు. 1888 డిసెంబరు 20న రోజ్ మైలెట్ అనే స్త్రీ మరణించినది. గొంతుకు త్రాడు బిగించి చంపినారని మొదట పరీక్షించిన వైద్యుడు చెప్పినాడు; బాండు సహాయకుడు హెబర్టు కూడ అదే తేల్చినారు. పోలీసు అధికారి ఆండర్సన్ మాత్రము అది హత్య కాదని గట్టిగా నమ్మినాడు. దేహమును తిరిగి పరీక్షించిన బాండు, ఆమె మత్తులో పడిపోగా మెడ పట్టీ బిగిసి ఊపిరాడక చనిపోయియుండవచ్చునని భిన్నాభిప్రాయము వెల్లడించినారు. విచారణ సభ్యులు అంగీకరింపక హత్య అనియే తీర్పు చెప్పినారు. కొత్త సంగతి తెలిసినప్పుడు అభిప్రాయము మార్చుకొనుట శాస్త్రజ్ఞునికి భూషణమే. కాని పైవాని కోరికయు, మారిన అభిప్రాయమును ఒకే దిక్కునకు నడచినప్పుడు లోకము శంకించుట మానదు. అందుచేతనే నిపుణుడు నిష్పక్షపాతిగా ఉండుటయే కాక, అట్లు కనబడుట కూడ అవసరము.

అయినను ఆయనను పోలీసుల చేతి బొమ్మ అనరాదు. 1889 జూలై 17న ఆలిస్ మెకెంజీ హత్య జరిగినది. శవపరీక్ష చేసిన ఫిలిప్స్, ఇది వెనుకటి హంతకుని పని కాదన్నారు. మరునాడు చూచిన బాండు, వాని పనియే అన్నారు. ఈమారు ఆండర్సన్ తాను ఏరికోరి పిలిపించుకొన్న బాండును కాదని ఫిలిప్స్ పక్షము వహించినాడు. ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే దేహమును చూచి విరుద్ధముగా చెప్పినప్పుడు, మూడవవాడు తనకు నచ్చిన మాటను ఏరుకొనుట లోకరీతి.

తరువాత పన్నెండేండ్లు బాండు తన వృత్తిలో నిమగ్నులైయున్నారు. క్రమముగా ఆరోగ్యము క్షీణించినది. నిద్రలేమి, మనోవ్యాకులత ఆయనను పట్టి పీడించినవి. 1901 జూన్ 6వ తేదీన వెస్ట్‌మినిస్టరులోని తన ఇంటి పై అంతస్తు కిటికీనుండి పడి, 59వ యేట ప్రాణము విడిచినారు. ఆ పతనము ఆయన స్వయంకృతమే. జీవితమంతయు ఇతరుల మరణకారణములు వెదకిన వైద్యుడు తన మనస్సులోని రోగమునకు మందు కానలేకపోయినారు. ఆ కాలమున మనోవ్యాధిని బయటికి చెప్పుకొనుట పరువు తక్కువగా భావించేవారు. ఇప్పుడు అట్టి బాధకు చికిత్స కలదు. చెప్పుకొనుటలో సిగ్గు లేదు. ఆయనను స్వస్థలమైన సోమర్సెట్ మట్టిలోనే సమాధి చేసినారు.

ఆయన వ్రాసిన కాగితముల కథ ఆయనతో ముగియలేదు. కెల్లీ దేహమును గూర్చి ఆయన వ్రాసిపెట్టిన పరీక్షా వివరములు ఎప్పుడో పోలీసు కార్యాలయమునుండి కనబడకుండ పోయినవి. దాదాపు నూరేండ్ల తరువాత, 1987లో, పేరు తెలుపని వ్యక్తి ఎవరో వానిని తపాలాలో తిరిగి పంపినాడు. ఇతర వైద్యుల మూలపత్రములు పెక్కు దొరకనే లేదు. పత్రికల విలేఖరులు విచారణలో విని వ్రాసుకొన్నదే శరణ్యము. 1894లో పోలీసు అధికారి మెక్‌నాటన్ తన పత్రములో హతులు ఈ అయిదుగురే అని వ్రాయుటతో, బాండు నివేదికలోని ఆ సంఖ్య శిలాక్షరమైనది. నిజమునకు నలుగురా, ఆరుగురా అని పండితులు నేటికిని తర్కించుచున్నారు. 2014లోను 2019లోను, ఎడ్డోస్‌దని చెప్పబడిన ఒక శాలువపై జీవకణ పరీక్ష జరిపి, మెక్‌నాటన్ పేర్కొన్న అనుమానితులలో ఒకడైన కోస్మిన్‌స్కియే హంతకుడని ప్రకటించినారు. ఆ శాలువ నిజముగా ఆమెదే అనుటకు నమ్మదగిన ఆధారము లేదనియు, లెక్కలో పొరబాటున్నదనియు ఇతర శాస్త్రజ్ఞులు ఎత్తిచూపినారు. పరికరములు మారినవి, వివాదపు తీరు మారలేదు.

నిజము నిలకడ మీద తేలునని మన పెద్దలు చెప్పుదురు. ఈ కథలో అది తేలలేదు. తేలకపోవుటకు కారణములు మాత్రము తేలినవి: కడిగివేసిన దేహములు, పోయిన కాగితములు, చూడని దానిని చూచినంత ధీమాగా చెప్పిన మాటలు, హద్దులు మరచిన శ్రోతలు. చరిత్ర బోధించే ఉపాధ్యాయుడు ఏ పత్రమును చేతబట్టినను మూడు ప్రశ్నలు విద్యార్థులచేత అడిగించవలెను. వ్రాసినవాడు కన్నులార చూచినాడా? ఎప్పుడు వ్రాసినాడు? ఎవరు అడుగగా వ్రాసినాడు? బాండు నివేదిక ఈ మూడింటికిని తానే జవాబు చెప్పుచున్నది. అది ఆయన నిజాయితీకి గుర్తు.

తరగతిలో ఒక బాలుడు లేచి, ఇంతకును ఆ హంతకుడెవడని అడుగవచ్చును. తెలియదు అని చెప్పుటకు ఉపాధ్యాయుడు సంకోచింపనక్కరలేదు. తెలిసినది కూడ కొంత ఉన్నది. మేరీ ఆన్ నికొల్స్, ఆన్నీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడ్డోస్, మేరీ జేన్ కెల్లీ అనే అయిదుగురు స్త్రీలు బ్రతికినారు, నాలుగు పెన్నీల పడకకొరకు వీధుల వెంట తిరిగినారు, చంపబడినారు. హంతకుని పేరు పోయినను వారి పేర్లు నిలిచినవి. వారి పక్షమున మాటాడిన సాక్షులలో డాక్టరు థామస్ బాండు ఒకరు. ఆయన చెప్పినదంతయు సత్యమని నమ్మనక్కరలేదు. ఎంత చూచి ఎంత చెప్పినారో తెలిసికొని గౌరవించుట చాలును.